పిల్లలచేత నచ్చజెప్పు జాబులు వ్రాయించుట

మాటలతో పెద్దలను లొంగదీసికొనుట పిల్లలకెవ్వరును నేర్పనక్కఱలేదు. గాలిపటమునకు దారము కావలసిన బాలుడు తల్లి యెప్పుడు తీరికగా నుండునో, తండ్రి సంతనుండి యే మనస్సుతో తిరిగివచ్చెనో, తాతగారి నడిగిన పని యగునో అమ్మమ్మ నడిగిన నగునో బాగుగా నెఱుగును. సమయమెఱిగి, మనస్సెఱిగి, గొంతు మెత్తన చేసికొని యడుగును. ఆ బాలునకే బడిలో కాగితమిచ్చి, కావలసినదానిని గూర్చి పెద్దలకొక జాబు వ్రాయుమనిన, కలము చేతబట్టి దిక్కులు చూచును. తుదకు వ్రాయునది సెలవుచీటి. “నాకు జ్వరము వచ్చినందున” అని మొదలై “తమ విధేయుడు” అని ముగియు నా చీటి తరగతిలో నలువదిమంది వ్రాసినను ఒక్కటే. నలువదిమందికిని ఒకేనాడు జ్వరము, ఒకే రెండు దినముల సెలవు. నోటితో నంత నేర్పు గలవాడు చేతితో నింత మూగవాడగుట కేమి కారణము?

దూరము పోయి వెదుకనక్కఱలేదు. దారము వానికి నిజముగా కావలెను, సెలవు అక్కఱలేదు. దారమిచ్చు తల్లి యెదుట నున్నది. సెలవుచీటికి మార్కులు వేయువారు తప్ప చదువువారు లేరు. జవాబు రాదు. కోరిక లేక, వినువారు లేక, బదులు లేక వ్రాయు వ్రాతకు ప్రాణమెక్కడనుండి వచ్చును?

సోదరీమణులారా, ఈ సంగతి మనకు చేరువయైనది. మనలో చదువు వచ్చినవారు సయితము పంచాయతీకో బ్యాంకికో యొక అర్జీ పెట్టవలసివచ్చిన మగనినో, కుమారునో, కచేరీ ముందు చెట్టుక్రింద కూర్చుండు వ్రాతగానినో యాశ్రయించుచున్నారు. అక్షరములు వచ్చును. తమకు కావలసినదేదో కాగితముపై పెట్టి, దానికి కారణము చూపి, ఎదుటివారి యడ్డుమాటకు సమాధానము చెప్పుట మాత్రము రాదు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము బడికొక యాజమాన్య సంఘముండవలెనని, అందు ముప్పాతికమంది తల్లిదండ్రులు గాని సంరక్షకులు గాని కావలెనని, సభ్యులలో సగము స్త్రీలుండవలెనని చెప్పుచున్నది. కుర్చీ వచ్చినది. ఆ కుర్చీలో కూర్చుండి సంతకముమాత్రము చేసి లేచివచ్చు తల్లులు చాలమంది కలరు. వారి కూతుండ్రు నట్లే లేచిరాకుండవలెనన్న పని యెనిమిదవయేటనే మొదలిడవలెను.

మావారు పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులు. మూడవ తరగతి మొదలు అయిదవ తరగతి వఱకు చదువు పిల్లలు సాయంకాలములందు మా యరుగుమీదికి వత్తురు. నేను బడికి పోయి చదివినదానను కాను. మా తండ్రిగారు ఇంటనే భారత భాగవతములును, కొంచెము తర్కమును చెప్పిరి. ఆ చదువే ఈ పిల్లల జాబుల విషయమున నాకు పనికివచ్చినది.

ఒప్పించుటయన నేమో ముందుగా తెలియవలెను గదా. సామ దాన భేద దండములని పెద్దలు నాలుగుపాయములు చెప్పిరి. పిల్లలకు నాలుగును పుట్టుకతోనే వచ్చును. అన్నము తినక అలిగి కూర్చుండుట దండము. “అక్కకు కొన్నావు, నాకు కొనలేదు” అనుట భేదము. “ఎక్కాలు అప్పజెప్పెదను, సైకిలు కొనిపెట్టుము” అనుట దానము. ఈ మూడింటిని నవ్వుచు వారిచేతనే గుర్తింపజేసి, జాబులో నిలుచునది సామమొక్కటే యని చెప్పుదును. ఈ సందర్భమున సావిత్రి కథను మించినది నాకు కనబడలేదు. ఆమె యమధర్మరాజు నెదుట రొమ్ము బాదుకొని యేడ్వలేదు, ఆయనను నిందింపలేదు. వెంట నడచుచు ధర్మము తెలిసినవాని కింపగు మాటలు పలికినది. భర్త ప్రాణము తప్ప తక్కిన వరములడుగుమనిన, ఆ హద్దులోపలనే యడిగినది. తుదకు తన కోరిక తీర్చక యమునకు తప్పని మాటను యమునినోటనే పలికించినది. పిల్లలీ కథను చెవియొగ్గి విందురు. “ఆమె ముందు ఆయన మాట విన్నదండీ” అని మూడవ తరగతి బాలిక యొకతె యన్నది. ఆ మాట నేను చెప్పియుండలేదు.

అయినను కథ విన్నంత మాత్రమున వ్రాత రాదు. కారణము చెప్పుమనిన పిల్లవాడు చెప్పలేకపోవుట వానికి తెలివి లేక కాదు, చెప్పుటకు చేతిలో నేదియు లేక. పెద్దల నోట విన్న మాట తిరిగి పెద్దలకే వ్రాసిన నెవ్వరొప్పుకొందురు? తాను పిసికినది, కొలిచినది, తూచినది, గీసినది యుండిన వ్రాయుటకు మాట దానంతట వచ్చును. చేతిపనిద్వారా చదువు చెప్పవలెనని 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యాసభలో గాంధీమహాత్ముడు బోధించెను. అంతకుముందే 1918లో అమెరికా దేశమున కిల్పాట్రిక్ అను విద్యావేత్త ప్రాజెక్టు పద్ధతిని గూర్చి వ్రాసియుండెను. నేడు “ప్రాజెక్టు పని” యను మాట తెలియని తల్లి లేదు. చాల యిండ్లలో నది కొట్టున కొన్న బొమ్మలను తల్లియే యట్టపై నంటించి పంపుటతో ముగియుచున్నది. దానిని గూర్చి నేను మాటలాడుట లేదు.

వినాయకచవితికి ముందు మేము చేసిన పని యొకటి చెప్పెదను. చెఱువుగట్టున నుండి జిగటమట్టి తెప్పించి, రాళ్లేఱి, నానవైచి, పిల్లలచేత జానెడు వినాయకుని చేయించితిని. తొండము మూడుమాఱులు విఱిగినది. బజారున అంతే పరిమాణముగల ప్లాస్టరు విగ్రహమొకటి కొని తెచ్చితిమి. మట్టి బొమ్మ నీడను బాగుగ నారిన పిదప రెండు గంగాళములలో సమముగా నీరుపోసి, రెండింటిని ఒకేసారి ముంచి, ప్రక్కన పలకపై వేళ వ్రాయుచు వచ్చిరి. మట్టి వినాయకుని చెవులు చూచుచుండగనే మెత్తబడినవి. దీపములవేళకు ముద్ద మిగిలినది. మఱునాటి యుదయమునకు గంగాళమునడుగున బురద తప్ప మఱేమియు లేదు. ఆ బురదను తులసికోటలో పోసితిమి. రెండవ గంగాళములో స్వామివారు వారము దినములు చెక్కుచెదరక కూర్చుండిరి. రంగుమాత్రము కొంత వదలి నీరు మసకబాఱినది.

పిల్లలు “ఎందుకు?” అనిరి. ఇది మావారి వంతు. జిప్సమను రాతిని కాల్చి నీరింకజేసి పొడిచేసినదే ప్లాస్టరనియు, ఆ పొడిలో మరల నీరు కలిపిన తిరిగి జిప్సమై గట్టిపడుననియు, జిప్సము లీటరు నీటిలో సుమారు రెండు గ్రాములకు మించి కరగదనియు ఆయన చెప్పిరి. కిలో బరువుగల బొమ్మ కరగుటకెన్ని లీటర్లు కావలెనో లెక్క కట్టుడనగా, అయిదవ తరగతి పిల్లలు నాలుగైదు వందల లీటర్లని తేల్చి, మా నూతి తొట్టివైపు చూచి తెల్లబోయిరి. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారు సవరించిన మార్గదర్శక సూత్రములలో ప్లాస్టరు విగ్రహములు కూడదని చెప్పిన సంగతియు అపుడే తెలిపిరి.

ఇక జాబు. వీథిలో విగ్రహము నిలుపు యువకుల సంఘమునకు వ్రాయవలెనని నిశ్చయమైనది. మొదట వచ్చిన వ్రాతలో నిట్లున్నది: “ప్లాస్టర్ విగ్రహం పెట్టేవాళ్లకు బుద్ధి లేదు. చేపలు చస్తాయి. మీరు పాపం చేస్తున్నారు.” తిట్టి యొప్పించిన వారెవ్వరైన నుందురా యని నేనడుగలేదు. ఆ జాబును ఆ సంఘపు పెద్దన్నగా నటించి బిగ్గరగా చదువుమని వ్రాసిన బాలునికే యిచ్చితిని. రెండవ వాక్యమునొద్ద వాని ముఖమే యెఱ్ఱబడినది. కాగితము తానే చింపివైచెను. రెండవ జాబు: “అన్నలారా, మీరు ప్రతి సంవత్సరం పందిరి బాగా వేస్తారు. మేము రెండు వినాయకుళ్లను నీళ్లలో పెట్టి చూశాము. ఏమయిందో ఈ పలకమీద ఉంది. మీరు కూడా వచ్చి చూడండి, రెండోది ఇంకా గంగాళంలోనే ఉంది.” ఇందులో ధర్మపన్నములు లేవు. రండు, చూడుడని పిలుపు కలదు.

సంఘమువారిలో నిద్దఱు వచ్చి చూచిరి. చూచి, పెద్ద విగ్రహము మట్టితో నిలువదనిరి. పిల్లలు వార్తాపత్రికలు తిరుగవేసి, హైదరాబాదున ఖైరతాబాదులో 1954లో ఒక్క అడుగు విగ్రహముతో మొదలైన యుత్సవమున 2022లో ఏబది యడుగుల గణపతిని మట్టితోనే చేసిరని కనుగొని మఱల వ్రాసిరి. అప్పటికే బయానా ఇచ్చియుండుటచే ఆ యేడు ప్లాస్టరు విగ్రహమే వచ్చినది. మఱుసటి యేడు మట్టిది వచ్చినది. జాబే కారణమని నేననను. ఆ యేడు మట్టి విగ్రహములు చవుకగా దొరికినవని కూడ విన్నాను.

వ్రాత కొక క్రమమును చూపుటకు నాకు తర్కశాస్త్రము తోడుపడినది. ఆంధ్రుడని ప్రసిద్ధిగన్న అన్నంభట్టుగారి తర్కసంగ్రహము చదివినవారికి పంచావయవములు తెలిసినవే: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము. కొండపై పొగను చూచి నిప్పున్నదని యింకొకరిని నమ్మించు రీతి యది. అందు దృష్టాంతముగా శాస్త్రకారులు వంటయింటినే తీసికొనిరి. పొగకును నిప్పునకును గల సంబంధము మనకంటె నెవరికి తెలియును? ఈ అయిదు పేళ్లను పిల్లలకు చెప్పను. చేతిని కాగితముపై నుంచి చుట్టును గీయుమందును. అఱచేతిలో నెవరికి వ్రాయుచున్నారో ఆ పేరు. బొటనవ్రేలిపై “నేననునది”. చూపుడువ్రేలిపై “ఎందుకనగా”. అన్నిటికంటె పొడుగైన నడిమివ్రేలిపై “ఇట్టిదే యొకచోట జరిగినది”. ఉంగరపువ్రేలిపై “మనదియు నట్టిదే”. చిటికెనవ్రేలిపై “కావున మీరు చేయవలసినది”. చిటికెనవ్రేలు చిన్నది గనుక కోరికయు చిన్నదిగా నుండవలెనందును.

మా వీథి కొళాయి రాత్రింబవళ్లు కారుచుండెను. పిల్లలు దానిక్రింద కొలపాత్ర పెట్టి గడియారము చూచిరి. రెండు గంటలకొక లీటరు. దినమునకు 12 లీటర్లు, నెలకు 360. గ్రామమున మనిషికి దినమునకు 55 లీటర్లియ్యవలెనని 2019లో ఆరంభమైన జలజీవన మిషను లెక్క. ఆ ప్రకారము నెలనాళ్లు కారిపోవునది ఆఱుగురికొక దినము సరిపోవు నీరు. ఇంతవఱకు హేతువు. బడి వెనుకనున్న కొళాయి యిట్లే కారుచుండగా, రబ్బరు వాషరు మార్చిన నాటినుండి యొక్క చుక్క పడలేదు; ఇది నడిమివ్రేలు. మా కొళాయియు పిడిక్రింద, అదేచోట, కారుచున్నది, ఇది ఉంగరపువ్రేలు. చిటికెనవ్రేలిపై నొక బాలిక మొదట “ఊరిలో నీళ్ల సమస్య తీర్చండి” యని వ్రాసినది. సర్పంచిగారు ఈ మాట చదివి లేచి యెక్కడికి పోవలెనని అడిగితిని. ఆలోచించి దానిని కొట్టివైచి, “సోమవారం బడి వదిలేలోగా వాషరు వేసే మనిషిని పంపండి” యని మార్చినది. భారతములో ధర్మరాజు సంజయునితో అయిదూళ్లైన నిమ్మని చెప్పి పంపుటలోని నేర్పు నే నా బాలికకు తరువాత చెప్పితిని. మనిషి సోమవారము రాలేదు, గురువారము వచ్చెను.

ఇంతకంటె కష్టమైన పని యడ్డుమాటను వినుట. పూర్వపక్షము చెప్పక సిద్ధాంతము చేయరాదని మన శాస్త్రముల నియమము. వాదమునకు దిగినవాడు ముందుగా ఎదుటివాని మాటను, ఎదుటివాడే మెచ్చునంత బాగుగా చెప్పవలెను. పెద్దలకే రాని యీ గుణము పిల్లలకెట్లు నేర్పుట? రెండు కొబ్బరిచిప్పలకు మూడేసి త్రాళ్లు కట్టించి, కఱ్ఱకు వ్రేలాడదీయించి త్రాసు చేయించితిని. ఒక్కొక్క కారణమునకొక్క చింతగింజ. ఒకే నియమము: ఎదుటివారి చిప్ప ముందు నింపవలెను. గింజ వేయునపుడు కారణము పైకి చెప్పవలెను. బలమైన కారణమునకు రెండు గింజలు వేయవచ్చును.

ఈ త్రాసు మా యరుగుమీద నొకనాడు ఆటగా నిలువలేదు. అయిదవ తరగతి ముగించుచున్న యొక బాలికను ఆఱవ తరగతికి పంపనని తండ్రి యనెను. పై బడి పొరుగూరిలో నాలుగు కిలోమీటర్ల దూరమున నున్నది. ఆమె వ్రాసిన మొదటి జాబు మూడు ముక్కలు: “నాన్నా, నన్ను ఆరో తరగతికి పంపించు. నాకు చదువంటే ఇష్టం. దయచేసి పంపించు.” ఆయన కాదనుటకు గల కారణములను చిప్పలో వేయుమంటిని. ఆమెకన్నియు తెలియును, ఇంటిలో రాత్రులు వినుచునే యున్నది. దారిలో మామిడితోపు వద్ద మనుష్యసంచారముండదు: రెండు గింజలు. నాలుగేండ్ల తమ్ముని చూచుకొనువారు లేరు: ఒకటి. మిరపకాయల కోతకు తల్లితో పోయిన కూలి వచ్చును: ఒకటి. ఎంత చదివించినను పెండ్లి చేసి పంపవలసినదే: ఒకటి వేసి, కొంచెము సేపాగి, మఱియొకటి వేసినది. చిప్ప క్రిందికి పోయినది. ఆమె కన్నులు నిండినవి. నేను మాటలాడక యూరకుంటిని.

తరువాత నాలుగు దినములు పట్టినది. ఇసుక తెచ్చి యరుగుమీద ఆ దారి మొత్తము పఱచి, తోపున్నచోట వేపరెమ్మలు నాటి, ఎచ్చటనుండి యెచ్చటికి మనుష్యులు కనబడరో కొలిచి, దానిని కాగితముపై నెక్కించినది. ఊరినుండి ఆ బడికి పోవు బాలికలను ఇంటింటికి తిరిగి లెక్కించినది, ఏడుగురు. వారు కలిసి బయలుదేరు వేళయు, తిరిగివచ్చు వేళయు వ్రాసికొన్నది. తమ్ముడు అంగన్వాడీలో నెంతసేపుండునో ఆయమ్మ నడిగి తెలిసికొన్నది. కోతలు సంవత్సరము పొడుగున నుండవని, కొన్ని వారములే యని తల్లిచేత చెప్పించినది. పదునాలుగేండ్లలోపు పిల్లలను కూలికి పెట్టరాదను చట్టమును కూడ వ్రాయుదునా యని నన్నడిగినది. వలదంటిని. చట్టము సత్యమే, కాని కూతురి జాబులో నది దండోపాయమగును, తండ్రి చెవులు మూసికొనును. ఆ మాట చెప్పదలచిన మావారు చెప్పవచ్చును, చెప్పిరి కూడ.

జాబు రెండు పుటలు వచ్చినది. పటము జతచేసినది. తండ్రి భయములను ముందు వ్రాసి, ఒక్కొక్కదానిక్రింద తాను తెలిసికొన్నది వ్రాసినది. నాలుగవదాని వద్ద నిట్లున్నది: “పెళ్లి సంగతికి నా దగ్గర జవాబు లేదు నాన్నా. చదువుకుంటే అప్పుడు చెప్పగలనేమో.” ఈ వాక్యమును దిద్దవలెనా యని నేను చాలసేపాలోచించి, దిద్దక విడిచితిని. తండ్రి దానిని చదివించుకొని విని, మడచి చొక్కాజేబులో పెట్టుకొనెను. పదిదినములు పలుకలేదు. జూను మాసమున బడులు తెఱచుటకు రెండు దినములముందు ఒకనాటి యుదయము, ఆ యేడుగురు పిల్లలు పోవు వేళకే, కూతురిని వెంటబెట్టుకొని ఆ నాలుగు కిలోమీటర్లు నడచి చూచి వచ్చెను. ఇప్పుడామె ఆఱవ తరగతి చదువుచున్నది. ఏడవదాని సంగతి యింకను తేలలేదు.

వినువారిని బట్టి మాట మారవలెనను సంగతికి రాయబార ఘట్టము చాలును. పాత శుభలేఖల యట్టలపై బొమ్మలు గీసి కత్తిరించి, చీపురుపుల్లలకంటించి, దుప్పటి వెనుక దీపము పెట్టి తోలుబొమ్మలాటవలె ఆడింతుము. శ్రీకృష్ణుడు నిండుసభలో ధృతరాష్ట్రునితో మాటలాడిన తీరు వేఱు. తిరిగిపోవుచు కర్ణుని రథముపై నెక్కించుకొని యేకాంతమున మాటలాడిన తీరు వేఱు. ఆట ముగిసిన తరువాత, కొళాయి సంగతినే సర్పంచిగారితో నొకరీతిని, కొళాయి కట్టక పోవు ముసలమ్మగారితో నొకరీతిని చెప్పుమందును. ఒక కొంటెవాడు, “కృష్ణుడు చెప్పినా దుర్యోధనుడు వినలేదు కదండీ, మన మాట ఎవరు వింటారు?” అనెను. వినకపోయినను అడిగిన వారెవరో, కాదన్నవారెవరో సభలోని వారందఱికి తెలిసినది గదా యంటిని. వానికి తృప్తి కలుగలేదు. నాకును పూర్తిగా కలుగలేదు.

ఆదివారపు సంత యాట యందఱకు ప్రియము. తాటాకు విసనకఱ్ఱలు, కాగితపు సంచులు, బంతినారు, జామకాయలు పిల్లలే తెచ్చి, అట్టలపై ప్రకటనలు వ్రాసి యమ్ముదురు. ఒకడు “ప్రపంచంలోనే తియ్యని జామకాయలు” అని వ్రాసెను. మొదట కొన్న పిల్ల కొఱికి ముఖము చిట్లించినది. ఆ పైన వాని వద్దకెవరును పోలేదు. వాడు మధ్యాహ్నము అట్ట త్రిప్పి, “మా పెరటి చెట్టువి. పొద్దున్నే కోసినవి. కొన్ని పచ్చివి, వాటికి ఉప్పూకారం ఉచితం” అని వ్రాసెను. ఆ కాయలన్నియు పోయినవి. అసత్య ప్రకటనలను శిక్షించుటకు 2019లో వినియోగదారుల రక్షణ చట్టమును క్రొత్తగా చేసిరి గాని, మా సంతలో నా పిల్ల ముఖమే చాలినది.

భాష విషయమై యొక మాట. నేను గ్రంథములతో పెరిగినదానను గనుక నా కలము పాత బాటనే నడచును. పిల్లలకు దానిని తగిలింపను. తన కోరికను తన మాటలో చెప్పకున్న నది యరువుగొన్న చీరవలె జారుచుండును. బడిలోని వ్రాత జీవద్భాషలో నుండవలెనని గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) ఏండ్లతరబడి పోరాడిరి. మా తండ్రిగారు ఆయన పేరు చెప్పిన మండిపడెడివారు. ఈ పిల్లల జాబులు చదువునపుడు నేను పంతులుగారి పక్షమే. అక్షరదోషములను మొదటి ప్రతిలో ముట్టుకొనను. కారణము కుదిరిన తరువాత, పంపుటకు ముందు, పిల్లవాడే నిఘంటువు చూచి దిద్దుకొనును. ఎఱ్ఱసిరాతో నిండిన కాగితము చూచిన పిల్లవాడు మఱునాడు తనకు వచ్చిన మాటలే వ్రాయును, కావలసిన మాటలు వ్రాయడు.

ఫోను నడిగిన క్షణములో చక్కని జాబు వ్రాసి యిచ్చు కాలమున ఈ పాట్లెందుకని మా మఱదలు నవ్వినది. ఇసుకలో దారి కొలుచునది, కొళాయిక్రింద కూర్చుండి గంటలు లెక్కించునది ఫోను కాదు గదా. ఆ పని జరిగిన పిదప వ్రాత యెంతసేపు?

ఇంటిలో మనము చేయవలసినది కొంత కలదు. పిల్లలు జాబు వ్రాసిన పెద్దలు జవాబు వ్రాయవలెను. ఔనన్నను కాదన్నను మూడు దినములలో వ్రాయవలెను. కాదన్నచో కారణము చూపవలెను. “చిన్నపిల్లవు, నీకేమి తెలియును” అనునది కారణము కాదు. ఇది చెప్పినంత సులభము కాదని నే నెఱుగుదును. మా చిన్నవాడు కుక్కపిల్ల కావలెనని వ్రాసెను. పాలఖర్చు, పెరటిలోని కోళ్లు, సెలవులలో ఊరికి పోయిన చూచువారు లేకుండుట: మూడు కారణములు చూపి కాదని వ్రాసితిని. నిన్న వాని ప్రత్యుత్తరము వచ్చినది. చేయి గీసి, అయిదు వ్రేళ్లు నింపి, నా మూడు కారణములను నాకంటె బాగుగా ముందు వ్రాసి, సెలవులలో కుక్కపిల్లను చూచుకొందునని పొరుగింటి మామ్మగారిచేత సంతకము కూడ చేయించి తెచ్చెను. పాలలెక్క కట్టుచున్నాను, ఎల్లుండిలోగా జవాబియ్యవలెను.